ఫోను మనది, తాళం వారిది

మా పై వాటాలో ఒక పిన్నిగారున్నారు. వరసకు ఏమీ కారు. పదేళ్ళుగా ఒకే మెట్లు ఎక్కి దిగుతున్నాం గనుక పిన్నిగారయ్యారు. సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. భర్త పోయి ఆరేళ్ళయింది. ఒక్కడే కొడుకు. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర ఏదో కంప్యూటరు కోర్సు నేర్చుకుని, పైచదువుకని అమెరికా వెళ్ళి, అక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాడు. నన్ను అన్నయ్యా అంటాడు.

కిందటి నెల ఒక ఆదివారం పొద్దున్న నేను పరీక్ష కాగితాలు ముందు వేసుకుని కూర్చున్నాను. పిన్నిగారు దిగివచ్చి, కొంగులో చుట్టిన ఫోనొకటి తీసి బల్లమీద పెట్టారు.

"అబ్బాయి స్నేహితుడిచేత పంపించాడు నాయనా. వాడు వాడుకున్నదేనట, ఒక్క గీతయినా పడలేదు చూడు. కాని నా సిమ్ము వేస్తే పుచ్చుకోవడం లేదు" అన్నారు.

నేను తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి. సంధి విడదీయమంటే విడదీస్తాను గాని ఫోను సంగతి నాకేం తెలుసు? అయినా కాలేజీలో చెప్పేవాడికి అన్నీ తెలిసి ఉంటాయనుకోవడం మన ఇళ్ళలో ఒక ఆచారం. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఈ సిమ్ము ఈ ఫోనులో చెల్లదని ఇంగ్లీషులో ఒక ముక్క రాసి ఉంది. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే మాట.

ఆవిడ పాత ఫోను అంతకు వారం ముందే నీళ్ళ బకెట్టులో పడి ప్రాణం వదిలింది. ఈ రోజుల్లో నంబరు పనిచేయకపోతే మనిషి పనిచేయనట్టే గదా. బ్యాంకువారి ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది, గ్యాసు బండ కబురూ దానికే వస్తుంది. అందుకని నా దగ్గర మూలపడి ఉన్న బొత్తాల ఫోనొకటి వెతికి, తాత్కాలికానికి సిమ్ము అందులో వేసి ఇచ్చాను. ఆవిడ తీసుకున్నారు గాని ముఖంలో తృప్తి లేదు.

"ఇందులో బొమ్మ కనబడదు గదా" అన్నారు.

ఓటీపీ సంగతి సర్దుకున్నది. ఆవిడకు కావలసింది ఓటీపీ కాదు, కొడుకు ముఖం.

మర్నాడు కాలేజీ వదలగానే ఆ ఫోను జేబులో వేసుకుని అమీర్‌పేటలో ఒకప్పటి సత్యం థియేటరు వైపు సందుల్లో పడ్డాను. ఆ సినిమాహాలు ఇప్పుడు లేదు, దాని చోట 2023లో కొత్త హంగులతో మరొకటి వచ్చింది. చుట్టూ ఉన్న చిన్న షాపులు మాత్రం అలాగే ఉన్నాయి. మూడడుగుల వెడల్పు కొట్టులో ఒక కుర్రవాడు దీపం కింద తల వంచుకుని ఏదో అతుకుతున్నాడు. ఫోను చేతికిచ్చానో లేదో, రెండుచోట్ల నొక్కి నా ముఖాన పెట్టాడు.

"చూడుండ్రి సార్. క్యారియర్ లాక్ అని ఉన్నది గదా. గిది అమెరికా లాకు ఫోను. ఆ కంపెనీ సిమ్ము తప్ప ఇంకోటి ఎక్కది."

"తీయలేవా?"

"సిమ్ము కింద పల్చటి చిప్పు ఒకటి పెడతా. పదిహేను వందలు. ఇయ్యాళ పని చేస్తది. రేపు అప్‌డేట్ వస్తే బంద్ అయితది. మళ్ళ నన్ను తిట్టొద్దు" అన్నాడు.

ఇంత నిజాయితీగా చెప్పినవాణ్ణి ఎలా తిడతాను? నేను సందేహిస్తూ ఉంటే అతడే కాస్త వివరంగా చెప్పాడు. తర్వాత నేను అక్కడా ఇక్కడా చదివి సరిచూసుకున్నాను. సంగతి ఇదీ.

ప్రతి సిమ్ములోనూ పదిహేను అంకెల సంఖ్య ఒకటి దాగి ఉంటుంది. మనం పిలుచుకునే నంబరు కాదది, వేరు. అందులో మొదటి మూడు అంకెలు దేశానికి గుర్తు: మన దేశపు సిమ్ములో 404 గాని 405 గాని ఉంటుంది, అమెరికాలో 310 మొదలైనవి. తర్వాతి రెండు మూడు అంకెలు ఫలానా కంపెనీ అని చెబుతాయి. ఇంటిపేరు, తర్వాత పేరు అన్నమాట. తాళం వేసిన ఫోను సిమ్ము పెట్టగానే ఇంటిపేరు అడుగుతుంది. తనకు చెప్పిపెట్టిన పేరు కాకపోతే గడప దాటనివ్వదు. కుర్రవాడు పెడతానన్న చిప్పు చేసే పని మారుపేరు చెప్పడం. లోపలికి వెళ్ళేదాకా నేను ఫలానా అమెరికా సిమ్మునని ఫోనుతో బొంకి, ఆ తర్వాత మన నెట్‌వర్కును పిలుస్తుంది. దొంగపేరు ఎన్నాళ్ళు సాగుతుంది?

పూర్వం ఫోనులకైతే తాళం ఫోనులోనే ఉండేది. ఒక రహస్య సంఖ్య కొడితే ఊడిపోయేది. అబిడ్స్‌లో జగదీష్ మార్కెట్టు ఇలాంటి ఫోను పనులకు పేరుపడ్డది. ఇప్పుడు వస్తున్న ఖరీదు ఫోనులలో తాళం ఫోనులో లేదు. ఫోనుకు ఐ.ఎం.ఈ.ఐ. అని మరో పదిహేను అంకెల సంఖ్య ఉంటుంది. *#06# కొడితే కనిపిస్తుంది. ఆ సంఖ్యకు ఎదురుగా తాళం వేసి ఉన్నదా, తీసి ఉన్నదా అన్నది తయారుచేసినవారి ఖాతాలో రాసి ఉంటుంది. కంపెనీ అక్కడ ఒక అక్షరం మారిస్తే ఇక్కడ అమీర్‌పేటలో ఫోను తెరుచుకుంటుంది. మార్చకపోతే ఎవరి స్క్రూడ్రైవరూ పనికిరాదు.

మన భాషలో దీనికి మంచి మాటలే ఉన్నాయి. మూసేదాన్ని తాళం కప్ప అన్నాం, తెరిచేదాన్ని తాళం చెవి అన్నాం. కప్ప ఇక్కడ నా జేబులో ఉంది. చెవి సముద్రానికి అవతల ఉన్నది.

మెట్రోలో ఒక్క స్టేషను దూరమే గనుక పంజగుట్టలో దిగి ఇంకొక కొట్టు కూడా చూశాను. అక్కడి పెద్దమనిషి ఫోను తిరగేసి, గొంతు తగ్గించి, "ఐ.ఎం.ఈ.ఐ. నంబరే మార్చేస్తే పోలా?" అన్నాడు. ఆ మాట వినగానే ఫోను వెనక్కి తీసుకున్నాను. ఎవరికీ తెలియదేమోనని పాఠకులకు చెబుతున్నాను: తాళం తీయించుకోవడం వేరు, ఆ సంఖ్య మార్చడం వేరు. మొదటిది కంపెనీతో మన పేచీ. రెండవది నేరం. 2023 టెలికాం చట్టం ప్రకారం మూడేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. పోయిన ఫోనులను పట్టుకునేది ఆ సంఖ్యతోనే. దాన్ని చెరపడమంటే దొంగసొత్తుకు ముసుగు వేయడమే.

ఇక మిగిలింది రాజమార్గం. అక్కడి కంపెనీలో తాళం తీయమని దరఖాస్తు పెట్టుకునే వీలుందని చదివి, రాత్రి కూర్చుని ఐ.ఎం.ఈ.ఐ. సంఖ్య రాసి పంపించాను. రెండు రోజులకు జవాబు వచ్చింది. రెండే వాక్యాలు: ఈ ఫోను వెల ఇంకా పూర్తిగా చెల్లలేదు; చెల్లిన తర్వాత దరఖాస్తు పెట్టుకోవలసింది.

ఆ రెండో వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. అబ్బాయి మంచి ఉద్యోగంలో ఉన్నాడు. బాకీ ఉన్న ఫోను ఎందుకు పంపించాడు?

ఆ సంగతికి వచ్చేముందు ఈ తాళాల పుట్టుపూర్వోత్తరాలు కాస్త చెప్పాలి. మనకు ఇవి కొత్తగా తోస్తాయి, ఎందుకంటే మన దేశంలో 1995లో మొబైలు వచ్చింది మొదలు ఫోను ఒకచోట, సిమ్ము మరొకచోట కొనుక్కోవడం అలవాటయింది. ఫోనుకు పూర్తి వెల ఇచ్చాం గనుక ఫోను మనది. అమెరికాలో అలా కాదు. ఫోను చవకగానో వాయిదాలమీదనో ఇచ్చి, రెండు మూడేళ్ళు మా దగ్గరే ఉండాలన్నారు. ఖాతాదారు పారిపోకుండా వేసిన బంధం ఈ తాళం.

మనవాళ్ళు మాత్రం దీని రుచి అసలు చూడలేదా అంటే చూశారు, పేరు తెలియకుండా. 2003లో రిలయన్స్ వారు ముందుగా 501 రూపాయలు కట్టించుకుని చేతికి ఫోనిచ్చిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ ఫోనులలో సిమ్మే లేదు. నంబరు ఫోను కడుపులోనే ఉండేది. సిమ్మే లేనప్పుడు మార్చడమన్న ప్రశ్న ఏది? 2017లో జియోఫోను వచ్చింది. 1500 రూపాయలు డిపాజిట్టు, మూడేళ్ళ తర్వాత తిరిగి ఇస్తామన్నారు. అందులో వారి సిమ్మే తప్ప మరొకటి పనిచేయదు. ఈ రెండింటిలోనూ కొన్నవాడికి కొంత చవక దక్కింది, బదులుగా కొంత స్వేచ్ఛ పోయింది. బేరం తెలిసి చేసుకుంటే తప్పులేదు.

వింత అయినది 2008 సంగతి. ఆ ఏడు ఆగస్టు 22న ఎయిర్‌టెల్, వొడాఫోన్ మన దేశంలో ఐఫోను 3జీ అమ్మకానికి పెట్టాయి. చిన్నరకం ధర 31,000 రూపాయలు. అదే ఫోను అమెరికాలో రెండేళ్ళ ఒప్పందం మీద 199 డాలర్లు. అక్కడ తాళానికి బదులు చవక ఇచ్చారు. ఇక్కడ చవకా లేదు, తాళమూ ఉన్నది. ఇల్లు పూర్తి వెలకు అమ్మి, చెవి మాత్రం అమ్మినవాడి మొలలో ఉంచుకున్నట్టయింది.

అమెరికాలోనూ జనం ఊరుకోలేదు. 2007లో మొదటి ఐఫోను వచ్చిన రెండు నెలలకే జార్జ్ హాట్జ్ అనే పదిహేడేళ్ళ కుర్రవాడు తాళం ఊడదీసి చూపించాడు. తర్వాత తగవు చట్టందాకా వెళ్ళింది. నాబోటి పుస్తకాలవాడికి తమాషాగా తోచిన విషయమొకటి ఉంది: అక్కడ ఫోను తాళం తీయవచ్చునా కూడదా అని తేల్చే అధికారం వారి కాంగ్రెసు గ్రంథాలయాధికారి చేతిలో పడింది! ఫోనులో నడిచే ప్రోగ్రాము కూడా ఒక రచనే గనుక కాపీరైటు చట్టం వర్తిస్తుందని వారి వాదం. 2006లో తీయవచ్చునన్నారు. 2012లో ఆ మాట వెనక్కి తీసుకుని, 2013 జనవరి 26 తర్వాత కొన్న ఫోనులకు కంపెనీ అనుమతి లేనిదే కూడదన్నారు. జనం మండిపడి లక్షకు పైగా సంతకాలతో ప్రభుత్వానికి అర్జీ పెట్టారు. చివరకు 2014 ఆగస్టు 1న ఒబామా సంతకంతో ఒక చట్టం వచ్చి, తాళం తీసుకునే హక్కు తిరిగి ఇచ్చింది. కెనడా 2017 డిసెంబరు నుంచి, బ్రిటను 2021 డిసెంబరు నుంచి తాళం వేసిన ఫోనులు అమ్మడమే మాన్పించాయి.

మన దేశంలో 2011 జనవరి 20 నుంచి నంబరు మార్చుకోకుండానే కంపెనీ మార్చుకోవచ్చు. పెద్ద సదుపాయమే. కాని తాళం ఉన్న ఫోను చేతిలో ఉంటే ఆ హక్కు సగమే. నంబరు వస్తుంది, ఫోను రాదు.

నన్నడిగితే న్యాయం పెద్ద చిక్కేమీ కాదు. వెల తీరేదాకా తాళం వేసుకోవడం అప్పిచ్చినవాడి హక్కు. వెల తీరిన రోజున అడగకుండానే తాళం తీయడం అతని ధర్మం. తాళం ఉన్నదని అమ్మేముందే చెప్పడం అంతకన్న ముందు ధర్మం.

ఇక అబ్బాయి సంగతి.

ఆ రాత్రి పదకొండు గంటలకు పిలిచాను. అక్కడ పగలు. "అన్నయ్యా, అమ్మ పక్కనుందా?" అన్నాడు మొట్టమొదట. లేదన్నాను. కంపెనీ జవాబు చదివి వినిపించాను. కాసేపు మాట లేదు.

"అరవై రోజులు దాటితే తాళం దానంతట అదే ఊడుతుందనుకున్నానన్నయ్యా. అది ఇంకో కంపెనీ పద్ధతట, నాకు తెలియలేదు. ముప్పై ఆరు వాయిదాల మీద కొన్నాను. ఇంకా పదకొండున్నాయి. ఒకేసారి కట్టేద్దామనుకున్నాను. ఇంతలో ఉద్యోగం పోయింది."

నెలన్నర అయిందట. అక్కడి ఆ వీసా మీద ఉద్యోగం పోయినవాడికి ఎక్కువలో ఎక్కువ 60 రోజుల గడువు. ఈలోగా ఇంకొక చోట చేరాలి, లేదా సామాను సర్దుకోవాలి.

"మరి నువ్వు ఏ ఫోనులో మాట్లాడుతున్నావు?"

"పాతదొకటుంది. అద్దం పగిలింది, ముందు కెమెరా పోయింది. అందుకే వీడియోలో మాట్లాడడం లేదు." కొంచెం ఆగి, "అదొక్కటే కారణం కాదులే. అమ్మ ముఖం చూస్తే కనిపెట్టేస్తుంది. చెప్పకన్నయ్యా" అన్నాడు.

అంటే వాడుకుని వదిలేసిన ఫోను కాదు అతడు తల్లికి పంపింది; తన దగ్గరున్న ఒక్క మంచి ఫోను. వాయిదాలు తాను కడుతూ, పగిలిన అద్దంలో ఉద్యోగాలు వెతుక్కుంటున్నాడు.

చెప్పనని మాట ఇచ్చాను గాని రెండు రోజులు మెట్లమీద చప్పుడు కాకుండా నడిచాను. మూడోనాడు పిన్నిగారు కాచుకుని ఉండి పట్టుకున్నారు.

"ఏమన్నారు నాయనా ఆ కంపెనీవాళ్ళు?"

అబద్ధం ఆడలేక, "ఇంకా కొంచెం బాకీ ఉన్నదట పిన్నిగారూ. తీరాక తీస్తారట" అన్నాను. అంతవరకు చెబితే మాట తప్పినట్టు కాదని నా ధైర్యం.

"నెలకెంత?"

"ఇరవై మూడు డాలర్లు."

"ఎన్ని నెలలు?"

"పదకొండు."

ముప్పై రెండేళ్ళు పిల్లలకు ఎక్కాలు చెప్పిన మనిషి. "రెండువందల యాభై మూడు" అన్నారు వెంటనే. గోడకు చెయ్యి ఆనించి ఒక్క నిమిషం నిలబడ్డారు. "ఉద్యోగంలో ఉన్నవాడికి అది ఒక లెక్కా నాయనా? అడగ్గానే కట్టి పారేసేవాడు. నెలరోజుల పైగా ముఖం చూపించకుండా మాట్లాడుతున్నాడు. వాడి ఉద్యోగం పోయింది, అవునా?"

నేను మాట తప్పలేదు. ఏమీ అనలేదు. ఆవిడకు అది చాలింది.

సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని పంజగుట్టలో ఒక షాపుకు వెళ్ళారు. ఎనిమిది వేలలో ఒక కొత్త ఫోను చూపించమన్నారు. డబ్బు తీయడానికి ముందు, "నా సిమ్ము వేసి, ఒకసారి ఈయన నంబరుకు పిలిచి చూపించు బాబూ" అన్నారు షాపతనితో. నేను ఇన్నాళ్ళు తిరిగి నేర్చుకున్న పాఠం ఆవిడ ఒక్క మాటలో అమలుచేశారు. పాఠకులకు కూడా నా సలహా అదే. విదేశాలనుంచి వచ్చిన ఫోనైనా, చెయ్యి మారిన ఫోనైనా, ముందు మీ సిమ్ము వేసి మాట్లాడి చూసి తర్వాత డబ్బివ్వండి. పాత ఫోను కొనేటప్పుడు కె.వై.ఎం. అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, ఐ.ఎం.ఈ.ఐ. సంఖ్య రాసి 14422కు పంపితే అది దొంగ లెక్కలో చేరినదా కాదా తెలుస్తుంది. తాళం సంగతి మాత్రం సిమ్ము వేసి చూస్తేనే తెలిసేది. అక్కడున్న పిల్లలు ఫోను పంపేముందు వెల తీరిందా అని చూసుకుని, తాళం అక్కడే తీయించి పంపాలి.

ఇంటికి రాగానే ఆవిడ కొత్త ఫోనులో కొడుకును పిలిచారు. నన్ను వెళ్ళనివ్వలేదు. అవతల బొమ్మ లేదు, నల్లటి చదరం. ఇవతల తల్లి ముఖం మాత్రం అతనికి కనిపిస్తూ ఉండాలి.

"తిన్నావా?" అన్నారు.

"తిన్నానమ్మా."

"ఇంకా ఎన్ని రోజులు గడువుంది?"

అవతల చాలాసేపు చప్పుడు లేదు. "పదహారు" అని వినబడింది.

"అయితే పదహారు రోజులూ గట్టిగా వెతుకు. దొరికితే సరే. పదిహేడో రోజుకు టిక్కెట్టు నేను కొంటాను" అన్నారు. ఆ తర్వాత, "ఆ ఫోను తిరిగి పంపించమంటావా?" అని అడిగారు. వద్దన్నాడు. గొంతు తేలికపడినట్టు నాకు తోచింది.

తాళం వేసిన ఫోనును పాత గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టారు. లోపల ఒక కాగితం మీద పదకొండు గీతలు గీసి ఉంచారట, వాయిదా తీరినప్పుడల్లా ఒకటి కొట్టివేయడానికి.

నేను ఇది రాస్తున్ననాటికి పదహారింటిలో తొమ్మిది రోజులు గడిచాయి. నిన్న అతనికి ఒక చోట రెండో విడత ఇంటర్వ్యూ అయింది. పిన్నిగారు పొద్దున్నే ఫోను చేతబట్టుకుని మెట్లమీద కూర్చుంటున్నారు. అక్కడ సిగ్నలు బాగా వస్తుందట.